ఐదు సోర్సులు, ఎనిమిది తెరలు: ఒక ఫంక్షన్ హాల్‌లో హెచ్‌డీసీపీ చిక్కుముడి

విజయవాడ శివార్లలో మూడంతస్తుల భవనం. కింద రెస్టారెంటు, మధ్యలో పార్టీ హాలు, పైన ఫంక్షన్ హాలు. రెస్టారెంటులో నాలుగు టీవీలు, లాబీలో ఒకటి, పార్టీ హాల్లో ఒక టీవీ, ఒక ప్రొజెక్టరు, పైన స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్. మొత్తం ఎనిమిది తెరలు. చూపించాల్సినవి మూడు డీటీహెచ్ బాక్సులు, మెనూ, ప్రకటనలు తిప్పే ఒక మీడియా ప్లేయరు, స్టేజీ పక్కన పెట్టే ల్యాప్‌టాప్. ఏ తెర మీదైనా ఏదైనా రావాలి, మ్యాచ్ రోజున అన్నిటి మీదా ఒకటే రావాలి. యజమాని మమ్మల్ని అడిగింది ఇంతే.

అప్పటికే అక్కడ ఒక ఏర్పాటు ఉంది. ఒక డీటీహెచ్ బాక్స్, దాని వెనక ఎనిమిది అవుట్‌పుట్ల చవక హెచ్‌డీఎంఐ స్ప్లిట్టరు, దగ్గరి టీవీలకు పొడవాటి హెచ్‌డీఎంఐ కేబుళ్లు, దూరపు వాటికి క్యాట్6 అనే నెట్‌వర్కు కేబుల్ మీద నడిచే ఎక్స్‌టెండర్లు. ఫిర్యాదులు ఐదు. ఒక టీవీ ఆపితే మిగతా అన్నీ కొన్ని సెకన్లు నల్లబడతాయి. ఎల్‌ఈడీ వాల్ మీద ల్యాప్‌టాప్ వస్తుంది గానీ డీటీహెచ్ ఎప్పుడూ రాదు. దూరపు తెర మీద తెల్ల చుక్కలు రాలుతూ ఉన్నట్టుండి బొమ్మ పోతుంది. కరెంటు పోయి వచ్చాక ఎవరో ఒకరు వెళ్లి ప్లగ్గు పీకి పెట్టేదాకా ఏమీ రాదు. రెండు టీవీల్లో బొమ్మ ఉంటుంది, మాట ఉండదు.

చూడ్డానికి ఐదు వేర్వేరు జబ్బులు. కేబుల్ సంగతి పక్కన పెడితే మిగిలిన నాలుగూ ఒక్క చోటే పుట్టాయి: సోర్సుకూ (బొమ్మ పంపే పరికరం) తెరకూ మధ్య నడిచే సంప్రదింపులో. అందులో పెద్ద భాగం హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ తాళం. బొమ్మ మోసే తీగలు బాగానే ఉన్నా ఆ సంప్రదింపు తెగితే తెర నల్లబడుతుంది. హెచ్‌డీఎంఐ పంపిణీలో తెర ఖాళీగా కనిపించగానే కేబుల్ మార్చడం మన దగ్గర అలవాటు. ముందు చూడాల్సింది హెచ్‌డీఎంఐ సాకెట్టులో 15, 16 పిన్నుల మీద ఈ సంప్రదింపును మోసే డీడీసీని, 18వ పిన్ను మీద ఉండే 5 వోల్టులను, అవతల తెర ఉందని సోర్సుకు చెప్పే 19వ పిన్నైన హాట్‌ప్లగ్‌ను.

రెండు తాళాలు

డీటీహెచ్ సిగ్నల్‌కు ఒకటి కాదు, రెండు తాళాలుంటాయి. ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆపరేటరు వేసేది మొదటిది. చందా కట్టిన బాక్సులోని స్మార్ట్‌కార్డు గానీ చిప్ గానీ దాన్ని తీస్తుంది. అక్కడితో అయిపోయిందనుకుంటారు చాలామంది. హెచ్‌డీఎంఐ సాకెట్టు నుంచి బయటికి వచ్చేముందు బాక్సు రెండో తాళం వేస్తుంది. అదే ఇంటెల్ రూపొందించిన హెచ్‌డీసీపీ.

హెచ్‌డీసీపీ 1.4లో ప్రతి పరికరానికీ 56 బిట్ల తాళంచెవులు 40, వాటితోపాటు 40 బిట్ల గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటాయి. ఆ సంఖ్యలో సరిగ్గా 20 ఒకట్లు, 20 సున్నాలు ఉండాలి. బాక్సు, టీవీ తమ సంఖ్యలు ఇచ్చిపుచ్చుకుని ఒకే రహస్యాన్ని విడివిడిగా లెక్కగట్టి సరిచూసుకుంటాయి. తర్వాత కూడా ప్రతి 128 ఫ్రేములకోసారి, అంటే 50 హెర్ట్జ్‌లో సుమారు రెండున్నర సెకన్లకోసారి, మళ్లీ సరిచూసుకుంటాయి. తెర రెండు మూడు సెకన్లు వెలిగి ఆరి మళ్లీ వెలుగుతుంటే ఈ సరిచూతే తప్పుతోందని అనుమానించాలి.

మధ్యలో స్ప్లిట్టరు గానీ, ఏ సోర్సునైనా ఏ తెరకైనా మళ్లించే మ్యాట్రిక్స్ గానీ ఉంటే అది రిపీటరు కింద లెక్క. తన కింద ఉన్న పరికరాలన్నిటి గుర్తింపు సంఖ్యలూ పోగుచేసి 5 సెకన్లలోగా బాక్సుకు జాబితా ఇవ్వాలి. 1.4లో ఆ జాబితాకు పరిమితి 127 పరికరాలు, ఏడు అంచెలు. 2.2లో 32 పరికరాలు, నాలుగు అంచెలు. కాగితం మీది అంకెలు ఇవి. నిజంగా దొరికే బాక్సుల్లో, ప్లేయర్లలో కొన్ని ఇంతకన్నా చాలా తక్కువకే చేతులెత్తేస్తాయి, ఆ సంగతి డబ్బా మీద రాసి ఉండదు. అందుకే కొనేముందు ఒకే సోర్సును ఒక్కొక్క తెరా కలుపుతూ ఎనిమిదింటికీ పంపి చూడాలి. మూడో తెర దగ్గరో ఐదో తెర దగ్గరో అన్నీ ఒకేసారి ఆరిపోతే సోర్సు ఓపిక అక్కడితో అయిపోయినట్టే.

మొదటి ఫిర్యాదు ఇప్పుడు అర్థమవుతుంది. ఒక టీవీ ఆపగానే దాని హాట్‌ప్లగ్ పడిపోయింది, స్ప్లిట్టరు ఆ కబురు నేరుగా బాక్సుకు చేరవేసింది. జాబితా మారింది కాబట్టి బాక్సు సంప్రదింపు మొత్తం మళ్లీ మొదలుపెట్టింది. అది పూర్తయ్యేదాకా మిగతా ఏడూ నలుపే.

4కే ఎందుకు వద్దన్నాం

యజమాని కోరిక 4కే. ఉన్న తెరల్లో నాలుగు హెచ్‌డీసీపీ 2.2 తెలిసిన 4కే టీవీలు, మిగతా టీవీలూ ప్రొజెక్టరూ 1.4 దాకానే. 2.2లో సోర్సు తన సరుకును టైప్ 0, టైప్ 1 అని రెండుగా గుర్తిస్తుంది. టైప్ 1 సరుకు 1.4 పరికరానికి చేరకూడదన్నది నియమం. నియమం పాటించే మ్యాట్రిక్స్ ఆ తెరను నల్లగా ఉంచుతుంది, అది దాని తప్పు కాదు. పైగా మన హెచ్‌డీ చానళ్లు వచ్చేది 1080ఐ, 50 హెర్ట్జ్‌లో. ఆ బొమ్మకు 4కే దారి వేస్తే ఖర్చు తప్ప చూసేవాడికి ఒరిగేదేమీ లేదు. 60 హెర్ట్జ్ 1080పీకి సెకనుకు 4.46 గిగాబిట్లు చాలు. 60 హెర్ట్జ్ 4కే పూర్తి రంగులతో కావాలంటే దాదాపు 18.

అందుకని మొత్తం వ్యవస్థను 1080పీ, హెచ్‌డీసీపీ 1.4 మీద స్థిరపరిచాం. మ్యాట్రిక్స్ ఇన్‌పుట్లలో హెచ్‌డీసీపీ ఏ వెర్షనుగా కనిపించాలో ఎంచుకునే వీలుంటే దాన్ని 1.4కు పెట్టాలి. అప్పుడు బాక్సు కూడా ఆ మేరకే పంపుతుంది. మిశ్రమ తెరలున్న చోట, బలహీనమైన తెర ఏది మోయగలదో అదే అందరికీ పెట్టడం మా లెక్కలో సరైన పని.

సామాను

ఎనిమిది ఇన్‌పుట్లు, ఎనిమిది హెచ్‌డీబేస్‌టీ (హెచ్‌డీఎంఐ సిగ్నల్‌ను క్యాట్ కేబుల్ మీద దూరం పంపే పద్ధతి) అవుట్‌పుట్లున్న మ్యాట్రిక్స్ ఒకటి. తెరకొకటి చొప్పున రిసీవర్లు ఎనిమిది. వీటికి కరెంటు మ్యాట్రిక్స్ నుంచే క్యాట్ కేబుల్ మీద వెళ్తుంది కాబట్టి టీవీ వెనక అడాప్టరు అక్కర్లేదు. స్టేజీ దగ్గరి ల్యాప్‌టాప్ కోసం ట్రాన్స్‌మిటరు, రిసీవరు జత ఒకటి. ర్యాక్ మధ్య అంతస్తు స్టోర్ రూములో పెట్టాం, అక్కణ్నుంచి పైకీ కిందికీ దూరం తగ్గుతుంది.

ఐపీ మీద, అంటే మామూలు కంప్యూటర్ నెట్‌వర్కు మీద పంపితే చవక కదా అన్న ప్రశ్న వచ్చింది. గిగాబిట్ నెట్‌వర్కు మీద పంపాలంటే బొమ్మను కుదించాలి, కుదిస్తే ఆలస్యం తప్పదు. తెరల దగ్గర ఆ బొమ్మను విప్పే డీకోడర్లు ఒకదానికొకటి ముందూ వెనకా అయితే లాబీలో సిక్సర్ కొట్టాక రెస్టారెంటులో బౌలరు ఇంకా పరిగెడుతుంటాడు. హెచ్‌డీబేస్‌టీలో ఆ ఆలస్యం కంటికి అందనంత తక్కువ. తెరలు పదహారు దాటితే, లేదా రేపు ఎన్ని పెరుగుతాయో తెలియకపోతే ఐపీ ఆలోచించొచ్చు. ఎనిమిదికి అవసరం లేదు.

అయినా టీవీకీ టీవీకీ మధ్య కొంత తేడా మిగులుతుంది, అది టీవీల లోపలి మెరుగుల వల్ల. అన్నిటినీ గేమ్ మోడ్‌లో పెడితే చాలావరకు కలుస్తాయి.

కేబుల్, ఒక మల్టీమీటరు

ర్యాక్ నుంచి తెరలకు దూరాలు 12, 16, 18, 24, 31, 38, 46, 62 మీటర్లు. స్టేజీ ల్యాప్‌టాప్‌కు 58. కలిపితే సరిగ్గా 305 మీటర్లు, అంటే ఒక పూర్తి పెట్టె. ఈ లెక్క చూసి ఒక పెట్టె చాలనుకుంటే చివరి గదిలో పని ఆగిపోతుంది. ఒక్కో లైనుకు రెండు కొసల దగ్గరా కలిపి 4 మీటర్లు అదనంగా వదలాలి, తొమ్మిది లైన్లకు అదే 36. ఎల్‌ఈడీ వాల్‌కూ స్టేజీకీ రెండో లైను కూడా లాగి ఉంచాలి, పెళ్లి మధ్యలో కేబుల్ పోతే గోడ పగలగొట్టలేం. రెండు పెట్టెలు తెచ్చాం.

ఉన్న పాత కేబుల్ ఎందుకు చుక్కలు రాల్చిందో తేల్చింది మల్టీమీటరే. రాగి పూసిన అల్యూమినియం కేబుల్ మార్కెట్లో క్యాట్6 పేరుతోనే దొరుకుతుంది. పైకి తేడా తెలియదు. ఒక కొస దగ్గర ఒక జతలోని రెండు తీగలనూ కలిపి మెలిపెట్టి, రెండో కొస దగ్గర ఓంలు చూడాలి. 23 గేజీ అసలు రాగి అయితే మీటరుకు 0.067 ఓం. 62 మీటర్ల లైను అంటే పోనూ రానూ 124 మీటర్లు, దాదాపు 8.3 ఓంలు రావాలి. 24 గేజీ రాగి అయితే 10.4. పెట్టె మీద 23 గేజీ అని రాసి ఉండి 12, 13 చూపిస్తే అది అల్యూమినియమే. బ్లేడుతో తీగను గీకినా లోపల తెల్లగా కనిపిస్తుంది. ఆ కేబుల్ మీద మామూలు ఇంటర్నెట్ నడిచిపోతుంది, హెచ్‌డీబేస్‌టీ నడవదు. నడిచినట్టు కనిపించినా రిసీవరుకు వెళ్లే కరెంటు దారిలోనే కరిగి, వేడెక్కాక సాయంత్రం పూట ఆగుతుంది. 1080పీకి 100 మీటర్లన్నది మంచి రాగి కేబుల్‌కు వర్తించే మాట.

క్రింపింగ్‌లో జతల మెలికను 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. రెండు కొసలా 568బీ రంగుల వరుసే. కరెంటు వైర్ల పక్కన సమాంతరంగా వెళ్లాల్సి వస్తే 30 సెంటీమీటర్లు ఎడం ఉంచాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. తొమ్మిది కేబుళ్లనూ జిప్ టైలతో బిగించి ఒకే మోపుగా కడితే చూడముచ్చటగా ఉంటుంది గానీ ఒకదాని గోల ఇంకోదానికి ఎక్కుతుంది. వదులుగా వదిలేయడమే మేలు. మోపు కట్టక తప్పని పైపులోనైతే షీల్డు ఉన్న క్యాట్6ఏ వాడాలి.

ఇంకో జాగ్రత్త. ఈ లైన్లు చూడ్డానికి నెట్‌వర్కు కేబుళ్లే, జాక్ అదే. ఎవరైనా తెచ్చి నెట్‌వర్కు స్విచ్చిలో గుచ్చితే బొమ్మ రాకపోవడం అటుంచి, దాని మీద వెళ్లే కరెంటుకు పోర్టు పోవచ్చు. రెండు కొసలా ఎర్ర స్లీవు వేసి ‘వీడియో, స్విచ్చికి పెట్టరాదు’ అని తెలుగులో రాయించాం.

ఈడీఐడీ: మాట రాని టీవీల సంగతి

ప్రతి తెరా తన సామర్థ్యాలను ఈడీఐడీ అనే ఒక చిన్న పట్టికలో రాసుకుంటుంది. మామూలుగా 256 బైట్లు: మొదటి 128లో ప్రాథమిక వివరాలు, తర్వాతి 128లో ఆడియో, అదనపు రిజల్యూషన్లు. సోర్సు ఆ పట్టిక చదివి దానికి తగ్గట్టు పంపుతుంది. చవక స్ప్లిట్టర్లు చాలావరకు మొదటి పోర్టుకు తగిలించిన టీవీ పట్టికనే అందరిదీ అని చెప్పేస్తాయి. ఇక్కడ మొదటి పోర్టు టీవీకి డాల్బీ వచ్చు. బాక్సు డాల్బీ పంపింది, అది రాని రెండు టీవీలు మూగబోయాయి.

మందు: మ్యాట్రిక్స్‌లో తెరల నుంచి పట్టిక కాపీ చేయించకుండా, దానిలోనే సిద్ధంగా ఉన్న 1080పీ, రెండు చానళ్ల పీసీఎం (కుదించని మామూలు ఆడియో) పట్టికను డీటీహెచ్ ఇన్‌పుట్లన్నిటికీ కట్టేయడం. దీనితో ఎవరు ఏ టీవీ ఆపినా, మార్చినా సోర్సుకు కనిపించే పట్టిక మారదు, హాట్‌ప్లగ్ కూడా మ్యాట్రిక్సే నిలబెట్టి ఉంచుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని మ్యాట్రిక్సుల్లోని రెడీమేడ్ పట్టికల్లో 60 హెర్ట్జ్ మాత్రమే ఉంటుంది. మన చానళ్లు 50. బాక్సు అప్పుడు 50ని 60గా మార్చి పంపుతుంది. సినిమాలో కనిపించదు, న్యూస్ చానల్ కింద పరిగెత్తే అక్షరాల వరుసను చూస్తే మాత్రం సెకనుకు పదిసార్లు తడబడుతూ కనిపిస్తుంది. పట్టిక ఎంచుకున్నాక ప్రతి తెర మీదా ఇన్ఫో నొక్కి 50 అని వస్తోందో లేదో చూసుకోవాలి. 50 రాకపోతే వేరే పట్టిక ఎక్కించాలి.

ఒక పరికరం ఇంకోదాన్ని ఆపి వేయగలిగే సీఈసీని అన్ని టీవీల్లోనూ ఆపేయాలి. 13వ పిన్ను మీద నడిచే ఆ సౌకర్యం ఇంట్లో బాగుంటుంది. ఇక్కడ మాత్రం లాబీ టీవీని రిమోట్‌తో ఆపితే ర్యాక్‌లోని డీటీహెచ్ బాక్సు కూడా నిద్రపోతుంది.

ఎల్‌ఈడీ వాల్

ఎక్కువ వాదన జరిగింది దీని మీదే. ఫంక్షన్ హాళ్లలో బిగించే ఎల్‌ఈడీ వాల్ వెనక ఒక వీడియో ప్రాసెసరు, దాని పక్కన బొమ్మను వాల్ ప్యానెళ్లకు పంపే సెండింగ్ కార్డు ఉంటాయి. పాత చవక ప్రాసెసర్లలో ఉన్నది డీవీఐ ఇన్‌పుట్, అందులో హెచ్‌డీసీపీ తాళంచెవులు లేవు. తాళం వేయని ల్యాప్‌టాప్ బొమ్మ వస్తుంది, డీటీహెచ్ రాదు. హెచ్‌డీఎంఐ నుంచి డీవీఐకి మార్చే అడాప్టరు ఎన్ని మార్చినా రాదు, ఎందుకంటే అడాప్టరు పిన్నులనే మారుస్తుంది.

బజార్లో దీనికి అందరూ చెప్పే ఉపాయం ఒకటుంది: తాళం ఊడగొట్టే స్ప్లిట్టరు మధ్యలో పెట్టేయమంటారు. మేం పెట్టం. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షను, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణను తప్పిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది. వ్యాపార స్థలంలో, పోలీసులూ పెళ్లివారూ వచ్చిపోయే హాల్లో ఆ డబ్బా ర్యాక్‌లో కనిపించడం యజమానికి మంచిది కాదు. చట్టం మాట పక్కన పెట్టినా అవి నిలకడగా పనిచేయవు. వేడికి ఒకరోజు వదిలేస్తాయి, అది ముహూర్తం రోజే అవుతుంది.

హెచ్‌డీసీపీ ఉన్న హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌తో, సెండింగ్ కార్డు లోపలే ఉండే ప్రాసెసరును మార్చి పెట్టాం. రెండూ ఒకే పెట్టెలో ఉంటే మధ్యలో బయటికి వచ్చే డీవీఐ కేబుల్ ఉండదు. కొనేటప్పుడు స్పెసిఫికేషన్ కాగితంలో హెచ్‌డీసీపీ అన్న మాటను వెతికి, దుకాణంలోనే ఒక డీటీహెచ్ బాక్సు తగిలించి చూపించమని అడగాలి. ల్యాప్‌టాప్‌తో చూపిస్తే చూపించనట్టే లెక్క.

ల్యాప్‌టాప్ ఇన్‌పుట్‌కు దీనికి తిరగబడిన ఇబ్బంది. మ్యాక్ ల్యాప్‌టాపులు అవతల హెచ్‌డీసీపీ ఉందని కనిపిస్తే చాలు, పెళ్లి ఫొటోల స్లయిడ్ షోకు కూడా తాళం వేసి పంపుతాయి. అప్పుడు లైవ్ తీసే కుర్రాళ్ల క్యాప్చర్ కార్డు (బొమ్మను కంప్యూటర్లోకి తీసుకునే పరికరం) దాన్ని తీసుకోదు. మ్యాట్రిక్స్‌లో ఆ ఒక్క ఇన్‌పుట్‌కు హెచ్‌డీసీపీ మద్దతు లేదని ప్రకటించే సెట్టింగు పెడితే ల్యాప్‌టాప్ తాళం వేయకుండానే పంపుతుంది. ఇందులో తప్పేమీ లేదు, తాళం అవసరమైన సినిమా అయితే ల్యాప్‌టాప్ అసలు ఆడించదు.

అవుట్‌పుట్ల వైపు మాత్రం దీనికి వ్యతిరేకం. సోర్సుకు తాళం ఉన్నా లేకపోయినా తెర వైపు హెచ్‌డీసీపీ ఎప్పుడూ వేసే ఉంచాలి. డీటీహెచ్ నుంచి మీడియా ప్లేయరుకు మార్చిన ప్రతిసారీ తాళం తీసి వేయడం ఉండదు, నలుపు సమయం తగ్గుతుంది. లైవ్ వాళ్ల క్యాప్చర్ కార్డుకు మాత్రం ఈ అవుట్‌పుట్లు పనికిరావు. స్టేజీ దగ్గరి ల్యాప్‌టాప్ లైను రిసీవరు నుంచి మ్యాట్రిక్స్‌కు ముందే చిన్న స్ప్లిట్టరుతో వారికి విడిగా ఇచ్చాం.

కరెంటు పోయి వస్తే

అన్నీ ఒకేసారి లేస్తే బాక్సు ముందే తయారై అవతల ఎవరూ లేరనుకుని కూర్చుంటుంది. వరుస ఉండాలి: ముందు తెరలు, తర్వాత మ్యాట్రిక్స్, చివర సోర్సులు. మ్యాట్రిక్స్‌ను యూపీఎస్ మీద పెట్టి, డీటీహెచ్ బాక్సుల ప్లగ్గుల పట్టీకి 60 సెకన్ల ఆలస్యపు రిలే పెట్టాం. జనరేటరు అందుకునే వ్యవధిలో కూడా ఇదే కాపాడుతుంది. ప్లగ్గు పీకి పెట్టే ఉద్యోగం అక్కడితో రద్దయింది.

ఒకే రకం బాక్సులు మూడు ఒకే ర్యాక్‌లో ఉంటే రిమోటు నొక్కగానే మూడూ చానల్ మారుస్తాయి. ఒక్కో బాక్సుకు రిమోటు సిగ్నల్ అందుకునే ఐఆర్ కిటికీ మీద, దానికొక్కదానికే సిగ్నల్ ఇచ్చే ఎమిటరు అంటించి, దాని చుట్టూ నల్ల టేపు గట్టిగా వేయాలి. టేపు ఒక మూల లేచినా పక్క రిమోటు లోపలికి చొరబడుతుంది. బాక్సుల మధ్య ఒక ర్యాక్ యూనిట్ ఖాళీ, వెనక ఒక ఫ్యాను కూడా కావాలి, మే నెలలో స్టోర్ రూము వేడి తక్కువేమీ కాదు.

కనెక్షన్ల సంగతి చిన్నదే అయినా చెప్పాలి. ఇంటి చందా బాక్సును హాల్లో పెట్టడం కుదరదు, మూడింటికీ వాణిజ్య చందానే తీసుకోవాలి. ఓటీటీ స్టిక్ తెచ్చి గుచ్చితే బొమ్మ రావచ్చు, కానీ ఆ చందాలు సొంత వాడకానికే ఇస్తారు. అందుకే అలాంటి సోర్సుకు ఇన్‌పుట్ కేటాయించలేదు.

అప్పగించే ముందు పరీక్ష

మొదట బాక్సు నుంచి 2 మీటర్ల కేబుల్‌తో నేరుగా ఒక టీవీ. వస్తే మధ్యలో మ్యాట్రిక్స్, తర్వాత దగ్గరి రిసీవరు, తర్వాత దూరపుది. ఒక్కో అంచెకు ఒక్కటే చేర్చాలి, రెండు చేరిస్తే తప్పు ఎవరిదో తెలియదు. అన్నీ కలిశాక ప్రతి సోర్సునూ ఎనిమిదింటికీ పంపి, ఒక్కో తెర ఆపి వేస్తూ మిగతా ఏడు రెప్ప వేస్తున్నాయేమో చూడాలి. తర్వాత మెయిన్ స్విచ్చి దించి ఎత్తాలి. మ్యాట్రిక్స్ వెబ్ పేజీలో పోర్టుకు పోర్టు 5 వోల్టులు, హాట్‌ప్లగ్, హెచ్‌డీసీపీ వెర్షను, రిజల్యూషను కనిపిస్తాయి. అన్నీ బాగున్నప్పటి ఆ పేజీని ప్రింటు తీసి ర్యాక్ తలుపుకు లోపలి వైపు అంటించాలి. ఫోన్లో సాయం అడిగేవాళ్లు దాన్ని చూసి తేడా చదివి చెప్పగలరు.

రేపు 4కే కావాలంటే కేబుళ్లు అసలు రాగివే కాబట్టి వాటి జోలికి పోనక్కర్లేదు, 4కేకు దూరం పరిమితి తగ్గే మోడళ్లు చాలా ఉన్నాయి గనక 62 మీటర్ల లైనును మాత్రం ముందే పరీక్షించుకోవాలి. మార్చాల్సింది మ్యాట్రిక్స్, రిసీవర్లు, 1.4 దగ్గరే ఆగిన తెరలు. ఆ తెరలను ఉంచుకోవాలనుకుంటే వాటికి విడిగా ఒక హెచ్‌డీ బాక్సు కేటాయించి అదే మ్యాచ్ పెట్టుకోవచ్చు. టైప్ 1 సరుకును వాటికి దారి మళ్లించే ప్రయత్నం మాత్రం దండగ.